హెచ్‌బీసీయూల్లో హ్యుమానిటీస్ చెప్పేవాళ్లకు రీసెర్చ్ ఫెలోషిప్: డబ్బు సరే, మన క్లాసులు ఎవరు చెప్తారు?

అలబామా_వేణి

అలబామాలో ఒక చిన్న హెచ్‌బీసీయూలో, అంటే నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టిన కాలేజీలో, హిస్టరీ చెప్తాను. కాలేజీ పేరు అడగొద్దు. ఊరు ఎంత చిన్నదంటే పేరు చెప్తే నేనెవరో తెలిసిపోతుంది.

రాస్తున్న పుస్తకం సగంలో ఆగిపోయి చాలాకాలమైంది. ఈసారి ఎలాగైనా ఫెలోషిప్‌కి అప్లై చేద్దామని సపోర్ట్ లెటర్ కోసం మా చెయిర్ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గరికి వెళ్లాను. ఆయన మంచివాడే, లెటర్ ఇస్తానన్నాడు. ఇస్తూనే "నీకు రావాలని కోరుకోవాలో రాకూడదని కోరుకోవాలో తెలియట్లేదు" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. మా దగ్గర హిస్టరీకి ఉన్నది ఇద్దరమే. సెమిస్టర్‌కి నాలుగు కోర్సులు, ఏడాదికి ఎనిమిది. అందులో వరల్డ్ సివిలైజేషన్ ప్రతి డిగ్రీకీ తప్పనిసరి. నేను ఏడాది వెళ్లిపోతే ఆ పిల్లలకు ఎవరు చెప్పాలి? బదులు మనిషిని పెట్టే స్తోమత కాలేజీకి లేదు.

ఇంకో సందేహం కూడా ఉంది. "హెచ్‌బీసీయూ అధ్యాపకులకు మాత్రమే" అని పెట్టిన ఫెలోషిప్‌కి తెలుగుదాన్ని నేను అప్లై చేయడం సబబేనా? రూల్స్ అడ్డు రావు. మనసే ఒప్పుకోవట్లేదు.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. కంప్యూటర్ సైన్స్‌వాళ్లు ఏమీ అనుకోవద్దు, మీ గ్రాంట్ల లోకం వేరు.

పప్పుచారు

హెచ్‌ఎస్‌బీసీ అనుకుని లోపలికొచ్చా. హోమ్ లోన్ సంగతి కాదన్నమాట.

చరిత్ర_పంతులు

పప్పుచారు లాంటివాళ్ల కోసం నాలుగు ముక్కలు. హిస్టారికల్లీ బ్లాక్ కాలేజెస్ అండ్ యూనివర్సిటీస్. నల్లజాతి విద్యార్థులకు చదువు చెప్పడమే ప్రధాన లక్ష్యంగా 1964కి ముందు పెట్టినవి అని 1965 నాటి హయ్యర్ ఎడ్యుకేషన్ చట్టం చెప్తుంది. ఇప్పుడు దాదాపు వంద ఉన్నాయి. పెన్సిల్వేనియాలో చేనీ 1837 నాటిది. నాష్‌విల్‌లో ఫిస్క్ 1866, వాషింగ్టన్‌లో హోవర్డ్ 1867, అంటే అంతర్యుద్ధం అయిపోగానే. టస్కీగీ 1881. చాలాభాగం దక్షిణాదిలోనే.

ఒక తమాషా ఏమిటంటే, వెస్ట్ వర్జీనియాలో బ్లూఫీల్డ్ స్టేట్ కూడా చట్టప్రకారం హెచ్‌బీసీయూనే, కానీ అక్కడ ఇప్పుడు ఎక్కువమంది తెల్లపిల్లలు. కాబట్టి వేణి గారి రెండో ప్రశ్నకు చట్టం ఏం చెప్తుందో తేలిపోయింది. ఆ ముద్ర సంస్థది, అందులో ఉండే మనుషులది కాదు.

నాష్‌విల్_నాగమణి

నేను ఇంగ్లిష్ లిటరేచర్. ఇద్దరు డీన్‌ల హయాం చూశాను, ఫెలోషిప్ తీసుకున్నాను, ఒకటి వచ్చినా వదులుకున్నాను కూడా. కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు డబ్బు లెక్క. ఎన్‌ఈహెచ్, అంటే ఫెడరల్ ప్రభుత్వపు హ్యుమానిటీస్ సంస్థ, హెచ్‌బీసీయూ అధ్యాపకులకని విడిగా ఒక అవార్డు నడిపింది. నెలకు 5,000 డాలర్లు, రెండు నెలల నుంచి పన్నెండు నెలల దాకా. ఏడాది మొత్తం తీసుకుంటే 60,000. ఏసీఎల్‌ఎస్ వాళ్లు (1919 నుంచి ఉన్న పండిత సంఘాల సమాఖ్య, ప్రైవేటు) మెలన్ ఫౌండేషన్ డబ్బుతో హెచ్‌బీసీయూల వాళ్లకే ఒక కార్యక్రమం పెట్టారు. అందులో ఫెలోషిప్ 50,000, పని మొదటి దశలో ఉన్నవాళ్లకు గ్రాంట్ 10,000 దాకా.

వినడానికి బాగానే ఉంటుంది. ఇప్పుడు జీతంతో పోల్చి చూడండి. జీతం 68,000 అనుకుందాం. ఏడాది సెలవు పెడితే 60,000 వస్తుంది, ఎనిమిది వేలు నష్టం. అది భరించవచ్చు. జీతం లేని సెలవైతే హెల్త్ ఇన్సూరెన్స్‌లో కాలేజీ కట్టే వాటా ఎవరు కట్టాలి? రిటైర్‌మెంట్ జమ ఆగుతుందా? టెన్యూర్ (పర్మనెంట్ కావడానికి ఇచ్చే గడువు) గడియారం ఆగుతుందా, నడుస్తుందా? ఫెలోషిప్ ఇచ్చేవాళ్లు వీటికి జవాబు చెప్పరు. మీ ఫాకల్టీ హ్యాండ్‌బుక్‌లో ఉండాలి. మా హ్యాండ్‌బుక్‌లో "ప్రొవోస్ట్ విచక్షణ మేరకు" అని ఒక్క ముక్క ఉంది, అంటే కాలేజీలో చదువుల వ్యవహారాలు చూసే పెద్ద ఇష్టం. నేను ఒకటి వదులుకోవడానికి ఆ ఒక్క ముక్కే కారణం.

అందుకే నా సలహా, ఏడాది అడగకండి. రెండు నెలలకు అడిగే వీలున్నచోట రెండు నెలలే అడిగి వేసవిలో పెట్టుకోండి. పదివేలే వస్తాయి, కానీ క్లాసుల గొడవ ఉండదు. వేసవి క్లాసులు చెప్తే వచ్చే డబ్బుకు బదులు ఇది వస్తుంది, అంతే తేడా.

కావలి_కుర్రాడు

@నాగమణి అక్కా, "నడిపింది" అని భూతకాలంలో రాసి ఊరుకున్నారేం? మిగతాది నేను చెప్తా. 2025 ఏప్రిల్‌లో ఎన్‌ఈహెచ్ 1,400కి పైగా గ్రాంట్లు ఒక్కసారి రద్దు చేసింది. అప్పటికే మంజూరై సగం ఖర్చుపెట్టినవి కూడా అందులో ఉన్నాయి. ఆ లెటర్లు సంస్థ మామూలు ఈమెయిల్ అడ్రస్ నుంచి కూడా రాలేదు, మోసం మెయిల్ అనుకున్నవాళ్లున్నారు. ఇలాంటి చోట డబ్బు వస్తుందని నమ్మి చెయిర్‌తో మాట పడటం ఎందుకు?

నాష్‌విల్_నాగమణి

నిజమే. ఆ తర్వాతి నెలలోనే ఏసీఎల్‌ఎస్, అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్, ఎమ్‌ఎల్‌ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) కలిసి కోర్టుకు వెళ్లాయి. నేను చెప్పేది ఇదే: ఎవరి దగ్గరైనా పాత ఎన్‌ఈహెచ్ నోటీసు పీడీఎఫ్ ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. ఈ ఏడాదికి నోటీసు ఉందో లేదో చూశాకే ఒక్క పేరా అయినా రాయండి. ప్రైవేటు ఫౌండేషన్ల వాటికి ఆ భయం తక్కువ. బదులుగా పోటీ ఎక్కువ.

గోదారి_గాలి

అదే ప్రభుత్వం 2025 సెప్టెంబరులో హెచ్‌బీసీయూలకు, ట్రైబల్ కాలేజీలకు కలిపి దాదాపు 49.5 కోట్ల డాలర్లు అదనంగా ఇచ్చింది కదా? అది కూడా చెప్పాలి మరి.

కావలి_కుర్రాడు

ఇచ్చింది. హిస్పానిక్ విద్యార్థులు ఎక్కువున్న కాలేజీల డబ్బు మళ్లించి ఇచ్చింది. పైగా అది ఒక్కసారికే. ఒక్కసారి వచ్చే డబ్బుతో రూఫ్ వేయిస్తారు, పర్మనెంట్ పోస్టు పెట్టరు. వేణి గారికి కావలసింది పోస్టు.

మోడరేటర్

రాజకీయాలకు వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ ఫెలోషిప్‌ల సంగతి మాట్లాడండి.

పప్పుచారు

ఫెలోషిప్‌ల సంగతి రాజకీయాలు లేకుండా ఎలా మాట్లాడాలో కూడా ఒక వర్క్‌షాప్ పెట్టండి సార్.

హ్యూస్టన్_హరిత

నేను టెక్సస్‌లో ఒక హెచ్‌బీసీయూలో మతాల చరిత్ర చెప్తాను. హెచ్1బీ. నాకు అర్హత ఉందా? మా కాలేజీలో ఒకరు ఉందంటారు, ఒకరు లేదంటారు. టెన్షన్‌గా ఉంది.

నాష్‌విల్_నాగమణి

హరితా, రెండూ నిజమే. రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులవి. ఎన్‌ఈహెచ్ నియమం ప్రకారం అమెరికా పౌరులే కానక్కర్లేదు, గడువుకు ముందు మూడేళ్లు ఇక్కడ నివాసం ఉన్న విదేశీయులూ అప్లై చేయవచ్చు. అంటే ఫెలోషిప్‌కి అర్హత ఉంది. కానీ హెచ్1బీ మీద ఉన్నప్పుడు నీకు జీతం ఇవ్వాల్సింది నిన్ను స్పాన్సర్ చేసిన కాలేజీ. జీతం లేని సెలవులో ఉండి బయటివాళ్ల స్టైపెండ్ నేరుగా తీసుకుంటానంటే అక్కడ చిక్కు. డబ్బు కాలేజీ ద్వారా జీతంగా వచ్చేలా కుదురుతుందా అని అప్లై చేయకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు, రాతపూర్వకంగా. వచ్చాక అడిగితే వాళ్లకీ భయం, నీకూ భయం.

హ్యూస్టన్_హరిత

థాంక్స్ అక్కా. రాతపూర్వకంగా అడిగితే మూడు వారాలకు "దయచేసి ఫోన్ చేయండి" అని వస్తుంది, అది వేరే సంగతి.

సిద్దిపేట_శీను

ట్యాక్స్ గురించి ఎవరూ చెప్పలేదు. స్టైపెండ్ మీద పన్ను ఉంటుంది, జీతంలో కోసినట్టు ముందే కోయరు. మూడు నెలలకోసారి మీరే అంచనా వేసి కట్టాలి. మా ఆవిడకి వచ్చినప్పుడు ఏప్రిల్‌లో తెలిసింది మాకు.

నల్లమల

వేణి గారి రెండో ప్రశ్నని చరిత్ర పంతులు గారు చట్టం చెప్పి దాటేశారు. ఆమె చట్టం అడగలేదు. ఈ ఫెలోషిప్‌లు ఎందుకు పెట్టారు? నల్లజాతి పండితులకు తలుపులు మూసిన దేశం కాస్త సర్దుబాటు చేసుకోవాలని. దాంట్లో మనం, హెచ్1బీల మీద వచ్చి, ఇండియాలో పైకులాల చదువులు చదువుకుని వచ్చిన మనం, "సంస్థకే కదా ముద్ర" అని వాదించడం నాకు నచ్చలేదు. ఇండియాలో ఎవరైనా ఇలా వాదిస్తే మనమేమంటాం?

చరిత్ర_పంతులు

@నల్లమల మీరు కోపంగా అడిగినా ప్రశ్న సరైనదే. కానీ చరిత్రలో ఇంకో ముక్క ఉంది, అది కూడా కలుపుకోండి.

1930ల్లో నాజీల నుంచి పారిపోయి వచ్చిన యూదు ప్రొఫెసర్లకు ఇక్కడి పెద్ద యూనివర్సిటీల్లో చాలామందికి చోటు దొరకలేదు. హెచ్‌బీసీయూలు చోటిచ్చాయి. ఎర్న్‌స్ట్ మనాసే 1939లో డర్హమ్‌లోని నార్త్ కరోలినా కాలేజీకి వచ్చి లాటిన్, జర్మన్, ఫిలాసఫీ చెప్పాడు. ఎర్న్‌స్ట్ బోరిన్‌స్కీ 1947లో మిసిసిపీలో టూగలూ కాలేజీకి వచ్చి సోషియాలజీ చెప్పాడు. ఆయన సోషల్ సైన్స్ ల్యాబ్‌లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారు, మిసిసిపీలో, ఆ రోజుల్లో. చనిపోయాక ఆయన్ను ఆ క్యాంపస్‌లోనే పాతిపెట్టారు. బయటనుంచి వచ్చినవాళ్లు ఈ కాలేజీలకు కొత్త కాదు. వచ్చి ఏం చేశారన్నదే లెక్క.

నల్లమల

బోరిన్‌స్కీకి వెనక్కి వెళ్లడానికి దేశం లేదు. మనకు గ్రీన్‌కార్డ్ వచ్చాక పెద్ద స్టేట్ యూనివర్సిటీకి మారిపోయే తొందర ఉంది. రెండూ ఒకటి కాదు.

గోదారి_గాలి

అందరికీ ఆ తొందర ఉందని మీకెలా తెలుసు?

నల్లమల

అందరికీ అనలేదు. మా డిపార్ట్‌మెంట్‌లో వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లారు, అది చూసి అంటున్నా. ఫెలోషిప్ తీసుకున్నాక రెండో ఏడాదే వెళ్లిన ఒకాయన ఉన్నాడు. ఆయన పుస్తకం వచ్చింది, బాగుంది కూడా. ఆయన చెప్పే క్లాసులు ఇప్పుడు నేను చెప్తున్నా.

చరిత్ర_పంతులు

వెళ్లిపోవడం మనవాళ్లతో మొదలవలేదు. పేరున్న నల్లజాతి చరిత్రకారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్ సెయింట్ అగస్టీన్స్‌లో, తర్వాత నార్త్ కరోలినా కాలేజీలో, తర్వాత హోవర్డ్‌లో చెప్పి 1956లో బ్రూక్లిన్ కాలేజీకి వెళ్లాడు. అంతటివాడే వెళ్లాల్సి వచ్చింది.

ఆయన పేరు వచ్చింది కాబట్టి, తలుపులు మూయడం అంటే ఏమిటో తెలియడానికి ఈ సంగతి. 1939లో డాక్టరేట్ పని మీద రాలీలో నార్త్ కరోలినా స్టేట్ ఆర్కైవ్స్‌కి వెళ్లాడు. బిల్డింగ్ కట్టినవాళ్లు ఇక్కడికి నల్లవాడు చదువుకోవడానికి వస్తాడని ఊహించలేదు, ఒక వారం ఆగితే ఏర్పాటు చేస్తానన్నాడు డైరెక్టర్. ఫ్రాంక్లిన్ బేరమాడి ఆ వారాన్ని సగం చేశాడు. తిరిగి వెళ్లేసరికి వేరే గది ఖాళీ చేసి ఒక బల్ల, కుర్చీ వేశారు. తెల్ల ఉద్యోగులు ఆయనకు ఫైళ్లు తెచ్చివ్వకూడదు కాబట్టి, ఫైళ్లుండే స్టాక్స్ తాళంచెవి ఆయన చేతికే ఇచ్చారు, కావలసినవి తనే తెచ్చుకోమని. తెచ్చుకున్నాడు, బండెడు బండెడు. రెండు వారాలు తిరగకుండానే అక్కడి తెల్ల పరిశోధకులు ఫిర్యాదు చేశారు: ఆయనకు తాళంచెవి ఉంది, మాకు లేదు, ఇది వివక్ష అని! డైరెక్టర్ తాళంచెవి వెనక్కి తీసుకున్నాడు, అందరిలాగే ఆయనకూ ఫైళ్లు తెచ్చివ్వమని ఉద్యోగులకు చెప్పాడు.

పప్పుచారు

తాళంచెవి కోసం వివక్ష గుర్తొచ్చిందా వాళ్లకి. దండం.

హ్యూస్టన్_హరిత

హోవర్డ్‌లో లైబ్రేరియన్ డొరొతీ పోర్టర్ సంగతి కూడా చెప్పండి ఎవరైనా. లైబ్రరీల్లో పుస్తకాలు విడదీసే డ్యూయీ నంబర్లలో నల్లవాళ్లు రాసినవన్నీ 325, 326లో పడేసేవారు. ఒకటి వలసలు, ఒకటి బానిసత్వం. కవిత్వం రాసినా అక్కడే. ఆవిడ అది పక్కన పెట్టి కవిని కవుల దగ్గర, సంగీతాన్ని సంగీతం దగ్గర పెట్టారు. 1930 నుంచి 1973 దాకా అదే పని. హోవర్డ్‌లో ఇప్పుడున్న నల్లజాతి చరిత్ర పరిశోధన కేంద్రం, మూర్లాండ్-స్పింగర్న్ సెంటర్, ఆ చేతిమీద పెరిగిందే.

ఒంగోలు_లెక్చరర్

అమెరికా సంగతి నాకు తెలియదు, ఆంధ్రాలో డిగ్రీ కాలేజీలో చేసినవాణ్ని. మాకు యూజీసీ ప్లాన్ల కాలంలో ఎఫ్‌ఐపీ అని ఉండేది. పీహెచ్‌డీకి వెళ్లిన లెక్చరర్‌కి జీతంతో సెలవు. అతని స్థానంలో పెట్టుకున్న మనిషి జీతం యూజీసీ ఇచ్చేది. అది ఆలస్యంగా వచ్చేది, ఆ సబ్‌స్టిట్యూట్ కుర్రాడు నెలల తరబడి మా క్యాంటీన్‌లో అప్పు పెట్టేవాడు, అది నిజం. కానీ బదులు మనిషి ఖర్చు కూడా పథకంలో భాగమే అన్న ఆలోచన ఉంది కదా. అక్కడ ఆ ముక్క లేదా?

అలబామా_వేణి

@ఒంగోలు_లెక్చరర్ సార్, మీరు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. ఇక్కడ ఫెలోషిప్ డబ్బు మనిషికి ఇస్తారు. ఖాళీ అయిన క్లాస్‌రూమ్‌కి ఎవరూ ఇవ్వరు. పెద్ద యూనివర్సిటీలో హిస్టరీకి నలభై మంది ఉంటారు, ఒకరు లేకపోతే తెలియదు. పైగా వాళ్లకు సెమిస్టర్‌కి రెండు కోర్సులే, టీఏలు (టీచింగ్ అసిస్టెంట్లు) పేపర్లు దిద్దుతారు. అక్కడివాళ్ల కోసం అల్లిన పద్ధతిని మా దగ్గరికి తెచ్చి పెట్టారు, పేరు మార్చి.

సిద్దిపేట_శీను

అడ్జంక్ట్‌ని, అంటే కోర్సుకింత అని చెప్పే పార్ట్‌టైమ్ టీచర్‌ని, పెట్టుకోవచ్చు కదా? ఒక కోర్సుకి మూడు నాలుగు వేలు ఇస్తారు. ఎనిమిది కోర్సులు అంటే ముప్పై వేలు. మీరు సెలవులో ఉంటే మీ జీతం మిగులుతుంది, అందులోంచే ఇవ్వొచ్చు. కాలేజీకి లాభమే.

అలబామా_వేణి

శీను గారూ, కాగితం మీద లాభమే. మనుషులేరి? మా ప్రాంతానికి అక్రెడిటేషన్ ఇచ్చే సాక్స్ మార్గదర్శకం ప్రకారం కాలేజీలో చెప్పాలంటే మాస్టర్స్ ఉండాలి, ఆ సబ్జెక్టులో కనీసం 18 గ్రాడ్యుయేట్ (పీజీ స్థాయి) క్రెడిట్లు ఉండాలి. మా చుట్టుపక్కల అది ఉన్న హిస్టరీ మనిషి హైస్కూల్ టీచర్ ఒకాయన ఉన్నాడు. ఆయన ఫుట్‌బాల్ కోచ్ కూడా. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఆయన్ని ఎవరూ కదిలించలేరు.

ఇంకోటి, మిగిలిన జీతం డిపార్ట్‌మెంట్‌కి రాదు. పైన ఎక్కడో కలిసిపోతుంది. బదులు మనిషికోసం అడిగితే "ఈ ఏడాది ఫ్రీజ్" అంటారు.

పప్పుచారు

కోచ్ కుదరకపోతే క్లాసులు బ్యాండ్‌కి అప్పగించండి. మీ హెచ్‌బీసీయూ మార్చింగ్ బ్యాండ్‌లు రెండు మూడు వందల మందితో వస్తాయి, యూట్యూబ్‌లో చూశా. బ్యాండ్‌కి ఉన్న డబ్బు హిస్టరీకి లేదా?

నల్లమల

ఆ మాట క్యాంపస్‌లో అనకండి. బ్యాండ్ చూసి చేరే పిల్లలున్నారు, బ్యాండ్ స్కాలర్‌షిప్ మీద మొదటి తరం చదువుకుంటున్నవాళ్లున్నారు. థాంక్స్‌గివింగ్ వారాంతంలో న్యూ ఆర్లియన్స్‌లో సదర్న్, గ్రాంబ్లింగ్ యూనివర్సిటీల ఫుట్‌బాల్ ఆట జరుగుతుంది. సగం జనం హాఫ్‌టైమ్ కోసమే వస్తారు. హిస్టరీ డిపార్ట్‌మెంట్‌ని బ్యాండ్ మింగలేదు. డబ్బు రాష్ట్రాలు మింగాయి.

నాష్‌విల్_నాగమణి

దీనికి లెక్క ఉంది. 2023 సెప్టెంబరులో ఫెడరల్ విద్యాశాఖ, వ్యవసాయశాఖ కార్యదర్శులు 16 రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాశారు. 1890 చట్టం కింద వచ్చిన ల్యాండ్‌గ్రాంట్ (వ్యవసాయం, ఇంజనీరింగ్ లాంటివి చెప్పడానికి ఫెడరల్ సాయం పొందే) హెచ్‌బీసీయూలకు, అదే రాష్ట్రంలోని తెల్ల ల్యాండ్‌గ్రాంట్ యూనివర్సిటీతో సమానంగా ఇవ్వాల్సింది ముప్పై ఏళ్లలో 1,200 కోట్ల డాలర్లకు పైగా తగ్గించి ఇచ్చారని. మా టెనెసీలో ఒక్క టెనెసీ స్టేట్‌కే 210 కోట్లు. ఆ డబ్బు వచ్చి ఉంటే హిస్టరీకి ఇద్దరే ఎందుకుంటారు? ఫెలోషిప్ గురించి ఇంత గింజుకోవడం ఎందుకుంటుంది?

గోదారి_గాలి

కోటీశ్వరురాలైన దాత మెకెంజీ స్కాట్ ఇచ్చింది కదా, 2020లో హోవర్డ్‌కి 4 కోట్లు, 2025లో 8 కోట్లు. షరతులు లేకుండా.

నాష్‌విల్_నాగమణి

ఇచ్చింది, మంచిదే. షరతులు లేని డబ్బు ఎక్కడికెళ్తుందో కాలేజీని బట్టి. స్కాలర్‌షిప్‌లు, డార్మెటరీలు ముందుంటాయి, ఉండాలి కూడా. ఇంగ్లిష్ టీచర్‌కి ఒక సెమిస్టర్ ఖాళీ ఇవ్వడం ఆ వరసలో ఎక్కడో చివర ఉంటుంది.

పాత కాలంలో రోజన్‌వాల్డ్ ఫండ్ సూటిగా ఈ పని చేసింది. సియర్స్ కంపెనీ రోజన్‌వాల్డ్. జనం ఆయన్ని దక్షిణాది పల్లెల్లో కట్టించిన దాదాపు 5,000 బడుల కోసం గుర్తుపెట్టుకుంటారు. 1928 నుంచి 1948 దాకా నల్లజాతి రచయితలు, పండితులు, కళాకారులకు ఫెలోషిప్‌లు ఇచ్చారు. డుబోయ్స్, జోరా నీల్ హర్‌స్టన్, రాల్ఫ్ ఎలిసన్, గార్డన్ పార్క్స్, చివర్లో జేమ్స్ బాల్డ్‌విన్. నిధిని దాచుకోకుండా ఖర్చుపెట్టేసి మూసేయమన్నాడు ఆయన, అలాగే మూసేశారు.

కావలి_కుర్రాడు

అంటే ఒక ధనవంతుడికి దయ పుట్టినప్పుడు ఒక తరం బాగుపడుతుంది, పుట్టనప్పుడు నాలుగు కోర్సులు చెప్పుకుంటుంది.

ప్యానెల్_పాపారావు

ఇలాంటి అప్లికేషన్లు చదివే ప్యానెల్‌లో కూర్చున్నవాణ్ని. ఏ సంస్థో చెప్పను. వేణి గారూ, మీ ప్రాజెక్ట్ ఏమిటో ఇంకా చెప్పనేలేదు. దయచేసి అంబేడ్కర్ 1946లో డుబోయ్స్‌కి రాసిన ఉత్తరం అని మాత్రం అనకండి. ఆ ఉత్తరం గొప్పదే, డుబోయ్స్ జవాబూ గొప్పదే. కానీ ఇండియా నుంచి వచ్చిన ప్రతి రెండో అప్లికేషన్ దాంతోనే మొదలవుతుంది. మసాచుసెట్స్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు దాన్ని. దానికి ఏడాది సెలవెందుకని ప్యానెల్ అడుగుతుంది.

అలబామా_వేణి

కాదండీ :) నాది టీచర్ల సంఘాల గురించి. అలబామాలో నల్లజాతి టీచర్లకు విడిగా అలబామా స్టేట్ టీచర్స్ అసోసియేషన్ ఉండేది. 1969లో తెల్లవాళ్ల సంఘంతో విలీనమైంది. విలీనం అనగానే సమానత్వం అనుకుంటాం. బడులు కలిపినప్పుడు ఎంతోమంది నల్ల హెడ్మాస్టర్లను అసిస్టెంట్‌లుగా, కొందరిని పుస్తకాల స్టోర్ చూసుకునేవాళ్లుగా మార్చేశారు. ఆ రోజుల్లో జిల్లా శాఖలు ఏం చేశాయన్నది నా ప్రశ్న.

మా కాలేజీ లైబ్రరీ బేస్‌మెంట్‌లో రిటైరైన టీచర్ల కుటుంబాలు ఇచ్చిన పెట్టెలున్నాయి. చందా రసీదు పుస్తకాలు, మీటింగ్ మినిట్స్, ఒక జిల్లా కార్యదర్శి చేత్తో రాసిన డైరీ. "కౌంటీ ఆఫీసుకి వెళ్లాం, రెండు గంటలు నిలబెట్టారు, నిలబడ్డాం" అని ఒక ఎంట్రీ. క్యాటలాగ్ లేదు. డీహ్యూమిడిఫైయర్ బకెట్ నేనే పారబోస్తుంటా. మా నాన్న కృష్ణా జిల్లాలో టీచర్, యూటీఎఫ్ మనిషి, సంఘం మినిట్స్ ఇంట్లో కూర్చుని రాసేవారు. అందుకేనేమో మిగతావాళ్లకు చెత్తలా కనిపించే రసీదు పుస్తకాలు నాకు అలా కనపడలేదు.

ప్యానెల్_పాపారావు

ఇది మొదటి పోస్టులో ఎందుకు రాయలేదమ్మా! అప్లికేషన్ మొదటి పేరాలో ఆ కార్యదర్శి కౌంటీ ఆఫీసు ముందు నిలబడటం పెట్టండి. రెండో పేరాలో క్యాటలాగ్ లేదని, పెట్టెలు తడిలో ఉన్నాయని, మీ కాలేజీలోనే ఉన్నాయని. థియరీ మూడో పేజీలో. "ఇది ఇప్పుడే ఎందుకు, మీరే ఎందుకు" అన్న రెండు ప్రశ్నలకు మీకు జవాబులు బేస్‌మెంట్‌లోనే ఉన్నాయి.

నల్లమల

నేను ఇందాక అన్నది వెనక్కి తీసుకోను, కానీ ఈ ప్రాజెక్ట్‌కి వర్తించదు. ఆ పెట్టెలు మీరు చూడకపోతే ఇంకెవరు చూస్తారు? ఒక్కటి అడుగుతా. అవి ఇచ్చిన కుటుంబాలకు మీరు రాస్తున్నది తెలుసా?

అలబామా_వేణి

కొందరికి తెలుసు. ఒక టీచర్ కూతురు, ఆవిడకే ఎనభై దాటాయి, చర్చి తర్వాత నన్ను పట్టుకుని "మా అమ్మ జీతం రసీదులు కూడా ఉన్నాయా" అని అడిగారు. ఉన్నాయి. కాపీలు తీసి ఇచ్చాను. తెల్ల టీచర్ జీతంతో పోల్చి చూసుకుంటానన్నారు.

చరిత్ర_పంతులు

ఆవిడ ఇంటర్వ్యూ ఈ వారమే రికార్డ్ చేయండి. ఫెలోషిప్ వచ్చేదాకా ఆగొద్దు.

నాష్‌విల్_నాగమణి

పంతులు గారు చెప్పింది ముందు చేయండి. ఇక ఇలాంటి ప్రాజెక్ట్‌కి ఏడాది సెలవు అక్కర్లేదు, ఊరు విడవక్కర్లేదు. మీ పెట్టెలు మీ మెట్లకింద ఉన్నాయి. వేసవి రెండు నెలలు, దానికి తోడు స్ప్రింగ్‌లో రెండు కోర్సులు తగ్గింపు. ఏసీఎల్‌ఎస్ చిన్న గ్రాంట్‌లో కోర్సు తగ్గింపుకు డబ్బు వాడుకోనిస్తారేమో వాళ్లకే మెయిల్ పెట్టండి. ఆన్‌లైన్‌లో చెప్పే అడ్జంక్ట్ అయితే కోచ్ గారి కోసం ఆగక్కర్లేదు, వేరే రాష్ట్రంలో ఉన్నా పర్లేదు. మా దగ్గర అలా ఒకరిని పెట్టాం.

సిద్దిపేట_శీను

మా మరదలికి హిస్టరీలో పీహెచ్‌డీ ఉంది, ఒహాయోలో ఉంటుంది, ఆన్‌లైన్ క్లాసులు చూస్తోంది. 18 క్రెడిట్లకు మించే ఉన్నాయి. ప్రైవేట్ మెసేజ్ పెడతా.

కావలి_కుర్రాడు

చూశారా, ప్రభుత్వం చేయలేనిది సిద్దిపేట మరదలు చేసింది.

అలబామా_వేణి

శీను గారూ, పెట్టండి, సీవీతో సహా. చెయిర్‌తో మాట్లాడా. ఒకరు దొరికితే స్ప్రింగ్‌లో వరల్డ్ సివ్ రెండు సెక్షన్లు ఆన్‌లైన్‌కి మార్చడానికి ఆయనకు అభ్యంతరం లేదట, డీన్ సంతకం కావాలి. ఏసీఎల్‌ఎస్‌కి మెయిల్ పెట్టా. పాపారావు గారూ, మూడు పేజీల డ్రాఫ్ట్ ఉంది, చూస్తారా?

ప్యానెల్_పాపారావు

చూస్తా. పీడీఎఫ్ వద్దు, వర్డ్‌లో పంపండి, మీద రాయాలి నేను. ఈ ఏడాది మీరు పెట్టేచోట నేను ప్యానెల్‌లో లేనని ముందు నిర్ధారించుకోవాలి, ఎక్కడ పెడుతున్నారో మెసేజ్‌లో చెప్పండి.

హ్యూస్టన్_హరిత

ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. "దయచేసి ఫోన్ చేయండి."